మూసేసిన బాయి పైపు మీద మూడు దెబ్బలు

నేను పరిగెత్తుతుంటే కుక్కలు నా వెంట పడవు. పక్కన నడుస్తాయి. మా వీధి చివరి ఎర్రకుక్క అయితే మధ్యలో ఆగి, తీరిగ్గా చెవి గోక్కుని, మళ్లీ వచ్చి నన్ను కలుసుకుంది. అదీ నా వేగం. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయింది. నేను బడిని మానేశానా, బడి నన్ను మానేసిందా అన్నది మా పంతుల్నే అడగాలి. ఆటో నడుపుతాను. నా నోట్లోంచి వచ్చే మాటల్లో ముప్పాతిక వంతు నవ్వులాటే. అందుకే మిగిలిన పాతిక వంతు చెప్పినప్పుడు కూడా జనం నవ్వుతారు.

ఇప్పుడు చెప్పేది ఆ పాతికలోది.

నా బిడ్డ మీద ఒట్టు వేయమంటే వేయను. భయం. నా ఆటో మీద వేస్తాను. దానికేమైనా అయితే మర్నాడు మా ఇంట్లో పొయ్యి వెలగదు. అంత నిజం. నేను తాగి లేను. నిద్రమత్తులో లేను. నా చెయ్యి... ఇదిగో, ఈ కుడి చెయ్యి... దానికి తెలుసు. చెవి కంటే ముందు దానికే తెలిసింది.

ముందు తిరుపతి గురించి చెప్పాలి. లేకపోతే ఇది మీకు అర్థం కాదు.

మాది శ్రీరాంపూర్ దిక్కున ఒక బొగ్గుబాయి ఊరు. గనిని మేం బాయి అంటాం. తిరుపతి నా తమ్ముడు. నాకంటే చాలా చిన్నవాడు, నా భుజాల మీద పెరిగాడు. పోలీసు ఉద్యోగం కోసం పరుగు మొదలుపెట్టాడు. పరుగులో నెగ్గేవాడు, రాత పరీక్షలో పోయేవాడు. ఉద్యోగం రాలేదు కానీ పరుగు మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఒకరోజు నా ఆటో తుడుస్తూ అన్నాడు.

"అన్నా, ఈపాలి కరీంనగర్‌ల మారథాన్ ఉరుకుత."

"గంత దూరమా? ఎవలు తరుముతున్నర్రా నిన్ను?"

"తరిమేటోడు లేకనే ఉరుకుతున్న అన్నా."

నవ్వాను. వాడూ నవ్వాడు. ఆ వానాకాలంలోనే వాడు కనబడకుండా పోయాడు.

రాత్రి అన్నం తిని, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లాడు. అంతే. ఫోన్ ఆగిపోయింది. పోలీసులకు చెప్పాం, బంధువుల ఊళ్లన్నీ తిరిగాం. మాకు దొరికినవి రెండు మాటలు. మంచిర్యాల స్టేషన్లో టీ అమ్మే ఒకాయన, అలాంటి పిల్లవాడు సంచి వేసుకుని బొంబాయి బండి ఎక్కడం చూశానన్నాడు. మా వాళ్లు చాలామంది బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద పని చేస్తారు కాబట్టి అక్కడికే పోయి ఉంటాడు... ఇది మొదటి మాట. రెండో మాట పాత ఇనుము ఏరుకునే పోరగాళ్ల దగ్గర వచ్చింది. ఊరి బయట, ఏటవాలుగా భూమిలోకి దిగే పాత బాయి ఉంది, ఎప్పుడో మూసేశారు. దాని మూతికి కన్నం చేసి, లోపల మిగిలిన పట్టాలు, తీగలు కోసుకొచ్చి అమ్ముకునేవాళ్లు ఆ పోరగాళ్లు. ఆ రాత్రి తమతో తిరుపతి కూడా వచ్చాడని వాళ్లలో ఒకడు అన్నాడు. మర్నాడు పొద్దున, నేనట్ల అనలేదు అన్నాడు.

ముక్కుకు మాస్కులు కట్టుకున్న మనుషులు బాయిలోకి దిగి వెతికారు. పైకప్పు కూలి దారి మూసుకుపోయిన చోటి దాకా వెళ్లి వచ్చారు. ఎవరూ లేరన్నారు. చెడు గాలి పైకి వస్తోందని ఆ తర్వాత మూతికి అడ్డంగా గోడ కట్టారు. లోపలి గాలిని పరీక్ష చేయడానికి ఆ గోడలోంచి ఒక ఇనుప పైపు బయటికి వదిలి, దానికి మూత బిగించారు.

కాబట్టి తిరుపతి భీవండిలో అయినా ఉన్నాడు. లేదంటే...

ఆ "లేదంటే" తర్వాతి మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

వాడు బూట్లు వదిలేసి పోయాడు. పరుగు బూట్లు. అవి వరండాలో అలాగే ఉన్నాయి. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ వాటిని చూసి, "బూట్లు ఇడిసిపెట్టిండంటే మళ్ల ఒస్తనని కదా" అనేది. నా భార్య సరిత వాటి చుట్టూ ఊడ్చేది, వాటిని కదిపేది కాదు. అవే బూట్లను చూసి తనకు ఇంకో ఆలోచన వచ్చేదని నాకు తెలుసు. నాకూ అదే వచ్చేది. దూరం పోయేవాడు బూట్లు వదిలి పోతాడా?

అవ్వ ప్రతి రాత్రీ గిన్నెలో శనగలు నానబెట్టేది. తెల్లారకముందే లేచి, నీళ్లు వంచి, గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చునేది. వాడు పరుగు నుంచి రాగానే తినేవాడు కదా, అందుకు. పొద్దెక్కాక ఆ శనగలు కోళ్లకు వేసేది. రాత్రికి మళ్లీ నానబెట్టేది.

చూడలేకపోయాను. ఒకరోజు బూట్లలో కాళ్లు పెట్టాను. ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు తొడిగితే సరిపోయాయి. ఆ శనగలు ఎవరో ఒకరు తినాలి కదా!

అలా మొదలైంది నా మారథాన్. ఆ మాట నోరు జారి ఆటో అడ్డా దగ్గర అన్నాను, ఇంక వాళ్లు వదులుతారా. "రాజేశమన్న మారథాన్ ఉరుకుతడట, అంబులెన్సు ముందు పోవాల్నా ఎన్క పోవాల్నా" అని ఒకడు. "మెడల్ ఇయ్యరు, డెత్ సర్టిఫికెట్ ఇస్తరు" అని ఇంకొకడు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. పేరు మాత్రం ఇచ్చేశాను.

మారథాన్‌కి తయారవడం అంటే పరుగు ఒక్కటే అనుకున్నాను. పరుగు తేలిక. మిగిలిందే కష్టం. చీకట్లో లేవాలి. వచ్చి బాపుకు, అంటే నాన్నకు, గాలి మిషన్ పెట్టాలి. బాపు ఊపిరితిత్తుల నిండా బాయి దుమ్ము, పొద్దున ఆ మిషన్ మందు పొగ పీల్చకపోతే మాట రాదు. తర్వాత బడి పిల్లల ట్రిప్పులు, మధ్యాహ్నం మార్కెట్టు, సాయంత్రం షిఫ్టు దిగేవాళ్లు. బ్రేకు తొక్కినప్పుడల్లా పిక్క కేక వేసేది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆటోలోనే ముడుచుకుని నిద్రపోయేవాణ్ణి. ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను, అందులో ఒకావిడ ఇంగ్లీషులో ఏదో చెప్తుంది. నాకు అర్థం కాదు. తిడుతోందనుకుని ఇంకాస్త ఉరుకుతాను.

సరిత చూసి చూసి ఒకరోజు అంది. "ఇంట్ల బిందెడు నీళ్లు తెమ్మంటే మోకాళ్లు నొస్తయ్. గోదారి దాక మాత్రం ఉరుకుతవ్."

"బిందె నన్ను మెచ్చుకోదు కదనే."

"గోదారి మెచ్చుకుంటదా?"

బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. పరుగు నుంచి వచ్చాక అవ్వది ఇంకో ప్రశ్న. రోజూ శనగల గిన్నె నా చేతికిస్తూ ఒకటే అడిగేది.

"తమ్ముడు ఏడన్న కలిసిండా, కొడుకా?"

ఉరికేవాళ్లందరూ ఒకే దారిలో ఉరుకుతారని, ఎక్కడో ఒకచోట కలుస్తారని ఆమె లెక్క. "లేదవ్వా" అనేవాణ్ణి. "రేపు కలుస్తడు తియ్" అనేది. రోజూ.

ఇంత ఎందుకు చెప్పానంటే... ఆ ఆదివారం మధ్యాహ్నం మా మేనమామ హుస్నాబాద్ నుంచి వస్తున్నాడు. దినాల సంగతి తేల్చడానికి. మనిషి దొరకనప్పుడు గడ్డితో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, దినాలు చేస్తారు మా వైపు. ఏడాది దాటింది, ఇంకా చేయకపోతే వాడి ఆత్మకు మంచిది కాదు, ఇంటికీ మంచిది కాదు అని మామ పట్టు. అవ్వ ఆ మాట ఎత్తినప్పుడల్లా చెంబు విసిరేది. బాపు గోడ వైపు తిరిగి, "పెద్దోడు ఎట్లంటే అట్ల" అనేవాడు. పెద్దోడంటే నేను. తమ్ముడు ఉన్నాడో లేడో నా నోటితో చెప్పాలి. ఎనిమిదో తరగతి గట్టెక్కనివాణ్ణి.

శనివారం రాత్రి సరితతో చెప్పేశాను. "రేపు మామతోని దినాలు చేద్దామని చెప్త." సరిత దీపం ఆపేసింది. చీకట్లో, "సరే" అంది.

ఆదివారమంటే పొడుగు పరుగు. మారథాన్‌కి ముందు ఒక్కసారైనా అందులో సగానికి మించిన దూరం ఉరకాలట. నా వేగానికి అది సగం పూట పని. పొద్దున చర్చికి పోయే ముసలమ్మలు నలుగురు నా ఆటోలోనే వెళ్తారు, ఆలస్యమైతే ప్రభువు క్షమిస్తాడేమో కానీ వాళ్లు క్షమించరు. అందుకని బాగా రాత్రి ఉండగానే బయలుదేరాను. చలికాలం. మంచు. పొయ్యిల్లో బొగ్గు కాలిన వాసన ఇంకా కాలనీ మీదే వేలాడుతోంది. ఎర్రకుక్క ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

గోదావరి వంతెన దాకా పోయి వచ్చాను. ఇంకా దూరం మిగిలింది. రోడ్డు మీద లారీలు మొదలయ్యాయి, మంచులో వాటికి నేను కనబడను. లారీలు రాని దారి ఒక్కటే... పాత బాయి దారి. తిరుపతి పోయాక నేను ఆ దారి తొక్కలేదు. ఆ రాత్రి తొక్కాను. ఎలాగూ వాడికి నిప్పు పెట్టబోతున్నాను, ఇంకా దాక్కునేది ఏముంది అనుకున్నాను. అలాగే అనుకున్నాను. మాట అదే.

ఆ దారిలో దీపాలు లేవు. ఫోన్ లైటు వేసుకున్నాను. రెండు వైపులా సర్కారు తుమ్మ. ఒకప్పటి కాంటీన్ గోడ. ఒకప్పటి సైకిల్ షెడ్డు, రేకులు ఎవరో పట్టుకుపోయారు. నా బూట్ల చప్పుడు... టప్, టప్, టప్. నా ఊపిరి. ఇంకేం లేదు. కీచురాళ్లు కూడా లేవు. అది నాకు తర్వాత తట్టింది.

సరిగ్గా బాయి మూతి ముందుకు వచ్చేసరికి పిక్క పట్టేసింది. పట్టేసిందంటే మామూలుగా కాదు, లోపల ఎవరో మెలి తిప్పినట్టు. కుంటుకుంటూ గోడ దాకా వెళ్లాను. ఆనుకోవడానికి చెయ్యి చాపాను. చేతికి దొరికింది పైపు. పట్టుకున్నాను. మంచుకు చల్లగా ఉంది. తల వంచి, కళ్లు మూసుకుని, కాలు చాపుకుంటున్నాను. ఫోన్ లైటు నేల మీద పడుతోంది.

అప్పుడు...

అరచేతిలో... తగిలింది.

చప్పుడు కాదు. ముందు చప్పుడు లేదు. అరచేతిలో ఒక అదురు. నాడి కొట్టుకుంటోంది అనుకున్నాను. నాదే అనుకున్నాను.

మళ్లీ తగిలింది.

ఊపిరి బిగబట్టాను. ఇంకోటి.

ఆగిపోయింది.

మూడు.

నేను చెయ్యి తీయలేదు. తీయాలని తోచలేదు. పిక్క నొప్పి ఎటు పోయిందో. మంచు చుక్క ఒకటి గోడ మీద నుంచి నా మెడ మీద పడింది. దాన్ని తుడుచుకోలేదు. చూస్తున్నాను... పైపు వైపు కాదు, నా చేతి వైపు. ఎంతసేపో.

ఈసారి చెవికి కూడా వినబడింది. చాలా లోతు నుంచి. చిన్నగా. ఇనుము మీద ఇనుము.

టంగ్.

...

టంగ్.

...

టంగ్.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా బాపు ఒకప్పుడు ఈ బాయి మూతి దగ్గరే గంట కాడి మనిషి. ఇంజిన్ తాడుతో మనుషుల్ని కిందికి దించి, పైకి లాగే చోట. కింది నుంచి గంట దెబ్బలు వస్తాయి, పైనున్నవాడు వాటిని విని జవాబు కొట్టాలి. ఒక దెబ్బ అంటే ఆపు. మూడు దెబ్బలంటే... మనుషులు ఎక్కుతున్నారు. మూడు వస్తే పైనున్నవాడు తిరిగి మూడు కొట్టాలి. కొట్టకపోతే కిందివాళ్లు కదలరు, ఎంతసేపైనా అలాగే నిలబడి ఉంటారు. బాయి ఊళ్లో పుట్టిన పిల్లలందరికీ అక్షరాలకంటే ముందు ఇది వస్తుంది. షిఫ్టు దిగి వచ్చిన బాపు తలుపు మీద మూడు కొట్టేవాడు. నేనూ తిరుపతీ లోపలి నుంచి పళ్లెం మీద మూడు కొట్టేవాళ్లం. కొడితేగాని లోపలికి వచ్చేవాడు కాదు. మేం నవ్వి నవ్వి చచ్చేవాళ్లం.

ఇంకే ఊరివాడైనా ఆ చప్పుడుకు ఉరికిపోయేవాడు. అదీ తెలివైన పని. నేను ఆ ఊళ్లో పుట్టాను. నా బుర్ర ఏదో ఆలోచించేలోపే జేబులోంచి ఆటో తాళంచెవి చేతికి వచ్చింది.

పైపు మీద కొట్టాను. టంగ్. టంగ్. టంగ్.

కొట్టాకే తెలిసింది కొట్టానని.

నిశ్శబ్దం.

చెప్తున్నాను కదా, అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. నా గుండె కూడా ఆగి వింటోందేమో అన్నట్టు...

తర్వాత మొదలైంది. ఎక్కడో అడుగున. కిర్ర్... అని. తుప్పు పట్టిన చక్రం ఒక చుట్టు తిరిగి ఆగినట్టు. మళ్లీ. కిర్ర్... ఒక తాడు బిగుసుకున్నట్టు. ఆ బాయిలో తాడు లేదు. పట్టాలు లేవు. ఆ పోరగాళ్లు అమ్మేసుకున్నారు, ఊరంతటికీ తెలుసు. కానీ ఏదో వస్తోంది. మెల్లగా. చాలా బరువుగా. పైకి.

పైపుకు చెవి పెట్టాను. ఎందుకు పెట్టానో అడక్కండి. చెవి చల్లబడిపోయింది. కిర్ర్... కిర్ర్... ప్రతిసారీ కొంచెం దగ్గరగా.

"తిరుపతీ" అన్నాను.

గట్టిగా అనలేదు. పైపు మూతకు నోరు ఆనించి, ఇంట్లో నిద్రపోయేవాణ్ణి లేపినట్టు అన్నాను.

చప్పుడు ఆగింది.

ఆగి... ఆగి... అది నా మాట వింటోందని నాకు అనిపించింది. వింటోందని. 

కిర్ర్...

మళ్లీ మొదలైంది. ఈసారి తొందరగా.

నేను ఉరికాను.

అబద్ధం చెప్పను, నా జీవితంలో అంత వేగంగా నేనెప్పుడూ ఉరకలేదు. ఫోన్‌లో ఆవిడ ఏదో అంటోంది, బహుశా మెచ్చుకుంటోంది. ముళ్లు గీసుకున్నాయి. ఒకచోట పడ్డాను, లేచాను. వెనక్కి చూడలేదు. వెనక ఏమీ వినబడలేదు కూడా. వినబడి ఉంటే బాగుండేదేమో.

కాలనీ దీపాలు కనబడ్డాక రోడ్డు మీద కూర్చుని వాంతి చేసుకున్నాను.

అవ్వ గుమ్మంలో ఉంది. గిన్నె ఒళ్లో పెట్టుకుని. నా మోకాలి రక్తం చూడలేదు, చీకటి.

"తమ్ముడు ఏడన్న కలిసిండా, కొడుకా?"

రోజూ వచ్చే "లేదవ్వా" ఆరోజు రాలేదు. నోరు తెరిచాను. రాలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. చూస్తూ ఉండిపోయింది. మెల్లగా లేచింది. ఒళ్లో గిన్నె జారి శనగలన్నీ మెట్ల మీద పడ్డాయి. ఇద్దరం వాటిని చూడలేదు.

"ఏడ?" అంది. "ఏడ కొడుకా?"

"లేదవ్వా" అన్నాను అప్పుడు. ఆలస్యంగా. ఆమె నమ్మలేదు. ఈరోజుకీ నమ్మలేదు. ఆ రోజు నుంచి ఆమె నన్ను అడగడం మానేసింది. అడిగినన్నాళ్లూ భారమనుకున్నాను...

చర్చి ముసలమ్మలను దింపేసి నేరుగా మొగిలి దగ్గరికి వెళ్లాను. మొగిలి పాత బాయి జాగాకు కాపలా ఉంటాడు, నాతో బడి మానేసినవాడే. ఇద్దరం వెలుగులో వెళ్లి చూశాం. గోడ గోడలాగే ఉంది. పగులు లేదు, కన్నం లేదు. పైపు మూత తుప్పు పట్టి బిగుసుకుని ఉంది. పైపు మీద నా తాళంచెవి గీతలు ఉన్నాయి. నేను కొట్టానన్నదానికి అదే సాక్ష్యం. అది కొట్టిందన్నదానికి ఏ సాక్ష్యమూ లేదు.

మొగిలి పైపుకు చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. పరిహాసం చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"సలికి ఇనుము ముడుసుకుంటది రాజేశమన్నా. గట్ల చప్పుడైతది."

"లెక్కపెట్టి ముడుసుకుంటదా?"

"లోపట పైనుంచి పెళ్లలు పడుతయ్. నీళ్లు పారుతయ్. పాత బాయి, ఊకుంటదా?"

"రెండుసార్లు మూడు మూడు పడుతయా పెళ్లలు?"

మొగిలి నా కళ్లలోకి చూడలేదు. "గోడ తియ్యమని అడుగుదామంటవా? ఏమని అడుగుతం? గంట మోగిందనా? గింత గాలి తగిలితె సాలు, లోపట బొగ్గు అంటుకుంటదంటరు. తియ్యరన్నా. నువ్వు ఇంటికి పో."

ఇంటికి వచ్చాను. మామ అప్పటికే వచ్చి, వరండాలో కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోవతి, చేతిలో సంచి. పంచాంగం చూసే అయ్యగారితో మాట్లాడి మంచిరోజు కూడా పెట్టించుకుని వచ్చాడు.

"ఏమంటవ్ అల్లుడా? తెంపుడు మాట చెప్పు."

సరిత తలుపు వెనక నిలబడి నన్నే చూస్తోంది. రాత్రి చెప్పిన మాట నేను ఇప్పుడు చెప్తానని.

"ఇప్పుడే వద్దు మామా" అన్నాను.

"ఎందుకొద్దు?"

ఏం చెప్పను? ఎక్కుతున్నామని గంట కొట్టినవాడికి గడ్డిబొమ్మ చేసి నిప్పు పెట్టలేనని చెప్పనా? మామ నన్ను చూశాడు, అవ్వను చూశాడు, సంచి తీసుకుని లేచాడు. "తల్లి పిచ్చి కొడుక్కంటింది" అన్నాడు మెట్లు దిగుతూ. అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలా పొద్దులు అక్కడికి వెళ్లాను. అదే వేళకు. అదే చలిలో. పైపు పట్టుకుని నిలబడ్డాను. నేనే మూడు కొట్టాను, మళ్లీ మళ్లీ కొట్టాను. ఏమీ రాలేదు. ఒక్కసారి కూడా. అది ఇనుము చప్పుడేనేమో. ఇంకో వైపు ఎక్కడో కన్నం చేసుకుని దిగిన ఇనుము దొంగలేనేమో, బాయి పిల్లలే కదా, వాళ్లకూ మూడు దెబ్బలు తెలుసు. నిద్ర చాలక నా బుర్రే కొట్టిందేమో. ఏడాది దాటాక ఏ మనిషీ అక్కడ బతికి ఉండడని నాకు తెలుసు. తెలుసు. అయినా భీవండి నుంచి ఏ కబురూ రాలేదు, బాయిలోంచి ఒక కబురు వచ్చింది. ఏది నమ్మాలో నాకు చెప్పేవాడు లేడు. మారథాన్ దగ్గరకొచ్చింది. పేరు ఉంది, కాళ్లున్నాయి. దేనికోసం ఉరకాలో అది మాత్రం లేదు. అడ్డా దగ్గర నవ్వులాటలు ఆడుతూనే ఉన్నాను, జనం నవ్వుతూనే ఉన్నారు.

ఈ సంగతి సరితకు చెప్పలేదు. అవ్వకు అసలే చెప్పలేదు. ఆ ఆదివారం సాయంత్రం, మామ వెళ్లిపోయాక, ఇంట్లో బాపుకు ఒక్కడికే చెప్పాను. మంచం మీద గాలి మిషన్ పొగ పీలుస్తున్నాడు. మామకు ఎందుకు వద్దన్నావని కళ్లతోనే అడిగాడు. మిషన్ చప్పుడులో, ఎవరికీ వినబడకుండా, అంతా చెప్పాను. అదురు, మూడు దెబ్బలు, నేను తిరిగి కొట్టిన మూడు, కింది నుంచి పైకొస్తున్న ఆ చప్పుడు, నేను ఉరికి రావడం.

బాపు ముఖం మీది మాస్కు తీసేశాడు. నవ్వులాట అంటాడనుకున్నాను. భ్రమ అంటాడనుకున్నాను. అలా అంటే బాగుండని అనుకున్నాను. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

"అరే... మూడుకు మూడు జవాబిచ్చినోనివి... మనిషి పైకొచ్చి దిగేదాక... గంట కాడి నుంచి ఎట్ల కదిలినవ్‌రా?"